కడుపు బాధకు హిప్నోథెరపీ అంటే వశీకరణమా?

మీరు అడిగిన సంగతి నాకు అర్థమైనంతవరకు ఇది: మీ అమ్మగారికి ఏళ్ల తరబడి ఉన్న కడుపు బాధ ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ అనే పేగుల జబ్బు) అని తేలింది, మందులతో పూర్తిగా తగ్గకపోవడంతో వైద్యులు హిప్నోథెరపీ కూడా ప్రయత్నించమన్నారు, మీ నాన్నగారు మాత్రం అది వశీకరణమేనని, ఇంటి ఆడమనిషి మనసును పరాయివాళ్ల చేతికి అప్పగించడమేమిటని అభ్యంతరం చెబుతున్నారు. నేను వైద్యుణ్ణి కాను. చిత్తూరులో ఇల్లు, తిరుపతిలో ఉద్యోగం ఉన్న గుమాస్తాను. అదే జబ్బుతో ఆరేళ్లు బాధపడి, అదే చికిత్స తీసుకున్నవాణ్ణి కనుక, చూసినదీ ఆ తర్వాత చదివి తెలుసుకున్నదీ రాస్తున్నాను.

రానూపోనూ రోజుకు సుమారు నూట నలభై కిలోమీటర్ల బస్సు ప్రయాణం నాది. పూతలపట్టు దాటేసరికి కడుపులో మెలిపెట్టడం మొదలయ్యేది, చంద్రగిరి వచ్చేసరికి ఒళ్లంతా చెమటలు పట్టేవి, దారిలో దిగిపోయి తర్వాతి బస్సు పట్టుకున్న రోజులకు లెక్కే లేదు. ఉదయం పూట తినడం మానేశాను. కండక్టరును అడిగి బస్సు ఆపించుకోవడానికి వీలుగా ఎప్పుడూ ముందు తలుపు దగ్గరి సీటులోనే కూర్చునేవాణ్ణి. రక్త పరీక్షలు, మల పరీక్ష, కొలనోస్కోపీ అన్నీ చేయించాక అంతా నార్మల్‌గానే ఉందన్నారు. ఆ మాట విన్నప్పుడు సంతోషం కంటే కోపమే ఎక్కువ వచ్చింది. అప్పుడు వైద్యుడు ఓపికగా చెప్పిన విషయమే ఈ చికిత్సకు మూలం. ఐబీఎస్‌లో పేగుల నిర్మాణంలో లోపం కనిపించదు, వాటి పనితీరులోనూ, పేగులకు మెదడుకు మధ్య నడిచే సమాచారంలోనూ తేడా ఉంటుంది. మామూలు మనిషికి తెలియనైనా తెలియని పేగు కదలిక, గ్యాసు ఒత్తిడి మాకు నొప్పిగా అందుతాయి. నొప్పి వస్తుందేమోనన్న భయం పేగులను ఇంకా కలవరపెడుతుంది, ఆ కలవరం మళ్లీ భయాన్ని పెంచుతుంది.

సరైన మనిషి దగ్గరికి వెళ్లే ముందు ఒక పొరపాటు చేశాను. మా ఊళ్లో కాదు గానీ దగ్గర్లోనే బోర్డు పెట్టుకున్న ఒకాయన, మూడు సిట్టింగులలో ఏ జబ్బైనా పోగొడతానని చెప్పి, నా కడుపు బాధకు కారణం పూర్వజన్మలో ఉందని, దాన్ని బయటికి తీయడానికి ముప్పై వేలవుతుందని అన్నారు. సగం కట్టాను. రెండో సిట్టింగులో, ఏదో యుద్ధంలో నా కడుపులో బల్లెం దిగినట్టు నేనే చెప్పానట. నిజానికి ఆయన కడుపు గురించి, ఆయుధం గురించి పదేపదే అడగడంతో ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి ఊహించి చెప్పాను. విచిత్రమేమిటంటే ఆ తర్వాత వారం రోజులు ఆ బల్లెం నాకు నిజంగా గుర్తున్నట్టే అనిపించింది. హిప్నాసిస్ గురించి నిజంగా భయపడవలసిన సంగతి ఇదేనని నాకు చాలా తరువాత తెలిసింది. ఆ స్థితిలో గుర్తుచేసుకున్నవి ఎక్కువ నిజమనే హామీ లేదు, అవి నిజమన్న నమ్మకం మాత్రం పెరుగుతుంది. హిప్నాసిస్‌తో రాబట్టిన సాక్ష్యాన్ని నమ్మడం ప్రమాదమని 1982లోనే అమెరికాలో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు అలాంటి సాక్షుల విషయంలో గట్టి ఆంక్షలు పెట్టింది. కాబట్టి మీ అమ్మగారికి చికిత్స చేసేవారు పూర్వజన్మ అన్నా, చిన్ననాటి మరుగున పడిన జ్ఞాపకాలు తవ్వుతామన్నా అక్కడినుంచి లేచి రావడం మంచిది. కడుపు బాధకు వాటితో పనే లేదు.

తరువాత నా కడుపు వైద్యుడే ఒక క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి పంపించారు. ఆ గదిలో ఊగే గడియారం, మసక దీపం వంటివేమీ లేవు. ఒక వాలుకుర్చీ, ఒక టేబులు ఫ్యాను, గోడకు టీటీడీ క్యాలెండరు ఉన్నాయి. మొదటి రెండు సిట్టింగులలో హిప్నాసిస్ ఊసే రాలేదు. ఏ వేళకు నొప్పి వస్తోంది, ఏం తిన్నాను, ఆ రోజు ఏం జరిగింది అనేవి ఒక నోటు పుస్తకంలో రాయించారు. మూడోసారి, కళ్లు మూసుకోవాలనిపిస్తే మూసుకోమని, ఊపిరి మీద ధ్యాస పెట్టమని, పది మెట్లు ఒక్కొక్కటిగా దిగుతున్నట్టు ఊహించుకోమని చెప్పారు. మెట్లనేసరికి నాకు అలిపిరి గుర్తొచ్చి, దిగడం కుదరడం లేదు మేడమ్, ఎక్కుతున్నాను అన్నాను. ఆమె నవ్వి, ఎక్కండి, పరవాలేదు అన్నారు.

ఆ తరువాత నిదానంగా పారే నదిని ఊహించుకోమన్నారు. పేగుల కదలికను నది ప్రవాహంతో పోల్చి సూచనలివ్వడం ఈ చికిత్సలో ఉన్న పద్ధతే. నీవా నదిని ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకగా చూసి పెరిగినవాడికి నది ఎలా కనిపిస్తుంది? అది కుదరలేదని చెబితే, మీకు బాగా తెలిసిన నీళ్లేవో మీరే చెప్పండన్నారు. ఐరాల వైపు మా అమ్మమ్మగారి ఊళ్లో చెరుకు తోట, మోటారు నుంచి వచ్చే పిల్లకాలువ, పార పట్టుకుని మడవ తిప్పే మా మామ గుర్తొచ్చారు. నీళ్లు జోరుగా వస్తే ఆయన మట్టిపెళ్ల అడ్డం వేస్తాడు, మందగిస్తే పారతో తీసేస్తాడు, ఒక్కో సాలుకు ఎంత కావాలో అంతే పారిస్తాడు. ఆ రోజు నుంచి మా చికిత్స అంతా ఆ కాలువ గట్టునే జరిగింది. అరచేతిని కడుపు మీద పెట్టుకుని ఆ వెచ్చదనం లోపలికి ఇంకుతున్నట్టు, మడవ ఎప్పుడు తీయాలో ఎప్పుడు మూయాలో నా చేతిలోనే ఉన్నట్టు ఆమె మెల్లగా చెబుతుంటే నేను చూస్తూ పోయేవాణ్ణి.

అంతసేపూ వీధిలో ఆటోకు మైకు కట్టి టమాటాలు అమ్ముకుంటున్నవాడి కేక నాకు వినిపిస్తూనే ఉంది, చెవి దగ్గర దోమ కుడితే కొట్టుకున్నాను కూడా. అయితే అవన్నీ పక్కింట్లో జరుగుతున్నట్టు అనిపించాయి. కళ్లు తెరిచాక పది నిమిషాలు అయి ఉంటుందనుకుంటే అరగంట దాటింది. నిద్ర కాదు, స్పృహ తప్పడం కాదు. ధ్యాస అంతా ఒక్కచోట చేరి, మిగతావి వెనక్కి జరగడం. మోకాళ్ల పర్వతం దగ్గర గోవింద నామం చెప్పుకుంటూ ఎక్కుతున్న ముసలమ్మకు మోకాళ్ల నొప్పి కాసేపు గుర్తు రాకపోవడం మనం చూసినదే. రెండూ ఒకటేనని నేననడం లేదు, ఆ ధ్యాస ఎలాంటిదో పోలిక చెబుతున్నానంతే.

అపోహకు సగం కారణం ఆ పేరే. పద్దెనిమిదో శతాబ్దంలో మెస్మర్ అనే వైద్యుడు మనుషుల శరీరాల్లో ఒక అయస్కాంత ద్రవం పారుతుందని, దాన్ని తాను సరిచేస్తానని వియన్నాలో, ఆపైన పారిస్‌లో చికిత్సలు చేశాడు. 1784లో ఫ్రాన్సు రాజు నియమించిన సంఘంలో అమెరికా శాస్త్రవేత్త బెంజమిన్ ఫ్రాంక్లిన్, ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లావోజియే ఉన్నారు. ఒక చెట్టుకు అయస్కాంత శక్తి ఎక్కించామని చెప్పి ఒక కుర్రవాణ్ణి కళ్లకు గంతలు కట్టి తోటలో తిప్పితే, వాడు ఆ చెట్టు చేరకముందే, ఏ శక్తీ ఎక్కించని వేరే చెట్టు దగ్గర మూర్ఛపోయాడు. ద్రవం లేదని, పనిచేసింది ఊహ అని సంఘం తేల్చింది. ఊహకు అంత బలం ఉంటే దానినే పరిశీలించాలి కదా అని వాళ్లకు తోచకపోవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. 1840ల్లో మాంచెస్టర్ సర్జను జేమ్స్ బ్రెయిడ్ ఆ ద్రవం మాట పక్కనపెట్టి, గ్రీకుల నిద్రాదేవత హిప్నోస్ పేరు మీదుగా ఈ స్థితికి పేరు పెట్టాడు. ఇది నిద్ర కాదని గ్రహించాక, ఒకే భావం మీద మనసు నిలవడం అన్న అర్థం వచ్చే మాటకు మార్చాలని చూశాడు గానీ, అప్పటికే పాత పేరు జనం నోళ్లలో పడిపోయింది. ఆ కాలంలోనే మన దేశంలో, బెంగాల్‌లోని హుగ్లీలో ఎస్డెయిల్ అనే డాక్టరు 1845 నుంచి మెస్మర్ పద్ధతిలోనే రోగుల నొప్పి తగ్గించి పెద్ద పెద్ద గడ్డలు కోసి తీశాడు. కొద్దికాలానికే ఈథర్, క్లోరోఫాం వచ్చి ఆ అవసరం తీర్చేశాయి.

ఇక ఎలా పనిచేస్తుందన్న ప్రశ్న. ధ్యాస నిలవడం, ఊహలో లీనం కావడం, ఇలా జరుగుతుందన్న ఎదురుచూపు, ఈ మూడింటి మీద సూచన పనిచేస్తుంది. ఇది మెదడులో వేరే ప్రత్యేక స్థితా, లేక మామూలు మనసు శక్తులే ఒక పద్ధతిలో కూడి పనిచేయడమా అన్న దానిపై శాస్త్రవేత్తల మధ్య వాదన ఇంకా తెగలేదు. అయితే ఇదంతా నటన కాదనడానికి ఆధారాలున్నాయి. 1997లో కెనడా పరిశోధకులు కొందరి చేతిని బాగా వేడి నీళ్లలో ఉంచి, నొప్పి ఎంత బాధిస్తోందన్న భాగాన్ని మాత్రమే సూచనలతో పెంచి, తగ్గించి చూశారు. దానికి తగ్గట్టే మెదడులో ఆ బాధకు సంబంధించిన ప్రాంతంలో మార్పు కనబడింది, వేడిని గ్రహించే ప్రాంతం మాత్రం దాదాపు అలాగే ఉంది. ఐబీఎస్ విషయానికి వస్తే, 1984లో మాంచెస్టర్‌కు చెందిన పీటర్ వోర్వెల్ బృందం, ఏ మందులకూ లొంగని 30 మంది రోగులపై చేసిన పరీక్షలో హిప్నోథెరపీ తీసుకున్నవారు, మాటల చికిత్స, ఉత్తుత్తి మాత్రలు తీసుకున్న రెండో వర్గం కంటే స్పష్టంగా మెరుగుపడ్డారు. 12 నెలలు మందులు వాడినా బాధ తగ్గనివారికి ఆలోచించదగిన మానసిక చికిత్సలలో దీనిని కూడా చేరుస్తూ 2008లో బ్రిటన్ ప్రభుత్వ మార్గదర్శకాలు వచ్చాయి. అందువల్ల మీ వైద్యులు చెప్పినది వింత సలహా ఏమీ కాదు.

అందరికీ ఒకే మోతాదులో పనిచేయదన్నది కూడా నిజమే. సూచనలకు ఎంత తేలిగ్గా స్పందిస్తారో కొలిచే స్టాన్‌ఫర్డ్ కొలమానం 1959 నుంచి ఉంది. దాని ప్రకారం నూటికి సుమారు 10-15 మంది బాగా స్పందిస్తారు, దాదాపు అంతే మంది చాలా తక్కువగా స్పందిస్తారు, లేదా స్పందించరు, మిగతావాళ్లం మధ్యలో ఉంటాం. దీనికి తెలివితక్కువతనంతోనూ, మనోబలం లేకపోవడంతోనూ సంబంధం లేదు. స్టేజీ మీద హిప్నాటిస్టులు ముందుగా చిన్న చిన్న పరీక్షలు పెట్టి ఆ బాగా స్పందించేవారినే పైకి పిలుస్తారు. పైగా జనం ముందు నిలబడ్డాక అడిగినది చేయాలన్న ఉత్సాహం ఎలాగూ ఉంటుంది. మన తెలుగువాళ్లలో నా వయసువారికి హిప్నాటిజం అనగానే బి.వి.పట్టాభిరామ్ గారి ప్రదర్శనలే గుర్తుకొస్తాయి. ప్రదర్శన వినోదం కోసం, చికిత్స జబ్బు కోసం. వేదిక మీది విద్యను వైద్యగదికి అంటగట్టడం వల్లే మీ నాన్నగారి భయం.

రహస్యాలు చెప్పేస్తారన్న భయం మా ఇంట్లోనూ వచ్చింది. నార్కో పరీక్షతో కలిపేసుకోవడం వల్ల వచ్చేది అది. నార్కోలో మత్తుమందు ఎక్కిస్తారు, ఇక్కడ ఏ మందూ లేదు. ఆ నార్కోను సైతం మనిషి ఇష్టం లేకుండా చేయకూడదని 2010లో సెల్వి కేసులో మన సుప్రీంకోర్టు చెప్పింది. చెప్పదలచుకోనిది నేను కుర్చీలో కూర్చుని కూడా చెప్పలేదు. లేపకపోతే అలాగే ఉండిపోతారన్నది ఒట్టి మాట, మహా అయితే కునుకు పట్టి మామూలుగా లేస్తారు. పూనకంతో పోల్చేవాళ్లూ ఉన్నారు. గంగమ్మ జాతరలో చూసేది భక్తి, ఆచారం, డప్పు, జనం అన్నీ కలిసిన వేరే అనుభవం, దాని జోలికి నేను పోను.

నాకు మూడు నెలల్లో పది సిట్టింగులు జరిగాయి. ఆమె గొంతును ఫోనులో రికార్డు చేసి ఇచ్చి రోజూ ఇరవై నిమిషాలు వినమన్నారు. అసలు కష్టం అక్కడే ఉంది, సిట్టింగుకు వెళ్లడం తేలిక, ఇంట్లో రోజూ కూర్చోవడం కష్టం. రెండు నెలలదాకా తేడా ఏమీ కనబడలేదు. ఆ తరువాత ఒక సాయంత్రం బస్సు చిత్తూరులోకి వచ్చాక చూసుకుంటే నేను వెనక సీట్లో కిటికీ పక్కన కూర్చుని ఉన్నాను, ముందు తలుపు సంగతే మరిచిపోయాను. జబ్బు పోలేదు, నెలకు రెండు మూడు రోజులు కడుపు ఇప్పటికీ మొరాయిస్తుంది, ఒక మాత్ర ఇంకా వాడుతున్నాను. ఉన్న మందులను సొంతంగా ఆపవద్దని ఆమె మొదటి రోజే చెప్పారు.

మీరు చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, రాత్రి నిద్రలోంచి లేపే విరేచనాలు, యాభై దాటాక కొత్తగా మొదలైన బాధ వంటివి ఉంటే ముందు వాటికి పరీక్షలు పూర్తి కావాలి; వైద్యులు ఐబీఎస్ అని తేల్చారంటున్నారు కనుక ఇవి చూసే ఉంటారు, అయినా ఒకసారి అడగండి. మతిభ్రమణ లక్షణాలు ఎప్పుడైనా ఉండి ఉంటే మానసిక వైద్యుడితో మాట్లాడకుండా ఇది మొదలుపెట్టకూడదు. శిక్షణ పొందినవారే ఈ చికిత్స చేయాలని 2003లో కేంద్ర ఆరోగ్య శాఖ కూడా చెప్పింది. చేసేవారు మానసిక వైద్యులా, రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో నమోదైన క్లినికల్ సైకాలజిస్టులా అన్నది, ఐబీఎస్ రోగులకు ఇదివరకు చేశారా అన్నది మొహమాటపడకుండా అడగండి.

మీ నాన్నగారిని కూడా మొదటి సిట్టింగుకు తీసుకువెళ్లండి, అనుమతి అడిగితే సాధారణంగా కాదనరు. మా ఆవిడ కూడా నన్ను ఒంటరిగా పంపనని పట్టుబట్టి వచ్చి, నాకేమవుతుందోనని రెప్ప వేయకుండా చూస్తానని మూల కుర్చీలో కూర్చుంది. నేను కాలువ గట్టున మడవ తిప్పుకుంటూ, బయట టమాటా ఆటో కేక వింటూ ఉండగా, మధ్యలో గురక వినిపించి ఒక కన్ను తెరిచి చూస్తే, ఆమె తల గోడకు ఆనించి నిద్రపోతోంది.