కటౌట్‌కి పాలు పోసేవాళ్లు, మా ఊరి సైకిల్ షాపు ప్రెసిడెంట్

"హీరో కటౌట్‌కి పాలు పోసి హారతి ఇచ్చేవాళ్లను ఎలా అర్థం చేసుకోవాలి? వాళ్లకి ఆయన నిజంగా దేవుడేనా?" అని అడిగారు. పోసినవాళ్లలో నేనూ ఒకణ్ని కాబట్టి చెబుతాను. దేవుడు కాదు. అసలు సంగతి కటౌట్ పైన లేదు, కింద నిచ్చెన పట్టుకున్నవాళ్ల దగ్గర ఉంది.

మాది సఖినేటిపల్లి దగ్గర పల్లెటూరు. గోదావరి వశిష్ఠ పాయ దాటితే నరసాపురం, దాని పక్కనే చిరంజీవి గారి సొంతూరు మొగల్తూరు. ఏరు అడ్డం ఉన్నా ఆయన మావాడే అనుకునేవాళ్లం. మా అభిమాన సంఘం ప్రెసిడెంట్ సైకిల్ షాపులో పంక్చర్లు వేసేవాడు. ఊళ్లో చిన్నాపెద్దా అందరూ అతన్ని "ఒరేయ్" అనే పిలిచేవారు.

1990ల్లో, నేను ఇంటర్ చదివేటప్పటి మాట. తెల్లవారితే రిలీజ్, నాలుగింటికి బెనిఫిట్ షో. రీళ్ల పెట్టెలు విజయవాడ నుంచి రైల్లో నరసాపురం వచ్చి, పంటు మీద మా వైపు దాటాలి. రైలు ఆలస్యమైంది, ఆఖరి పంటు వెళ్లిపోయింది. పెట్టెలు అవతలి ఒడ్డున ఉండిపోయాయని రాత్రి పదింటికి థియేటర్‌కి ఫోనొచ్చింది. ఐదుగురం సైకిళ్లేసుకుని రేవుకి పోయాం. పుష్యమాసం, మంచు. అవతలి ఒడ్డు దీపాలు కూడా కనబడటం లేదు.

రేవులో ఒక పెద్దాయన పడవలో దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. ప్రెసిడెంట్ వెళ్లి, "బాబాయ్, కాస్త దాటించవా, పొద్దున్న షో ఉంది" అని కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు. ఆయన లేచి కూర్చుని, "మాది రామారావు గారి కాలం రా అబ్బాయ్. ఆయన కృష్ణుడి వేషం కేలండరు ఇప్పటికీ మా ఇంట్లో దేవుడి గూట్లో ఉంది. సర్లే, ఎక్కండి" అన్నాడు. వచ్చేటప్పుడు తలా ఒక పెట్టె ఒళ్లో పెట్టుకుని, అడుగున చేరిన నీళ్లు తగలకుండా మోకాళ్లు పైకెత్తి కూర్చున్నాం. ఒక్కరూ మాట్లాడలేదు. తెడ్డు చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు. ఒడ్డున దిగాక డబ్బులివ్వబోతే పెద్దాయన తీసుకోలేదు. ఆ పడవలో మా ఐదుగురివి నాలుగు కులాలు. ఇప్పుడు ఫ్లెక్సీ మీద హీరో పేరు పక్కన కులం పేరు చూసినప్పుడల్లా నాకు ఆ రాత్రే గుర్తొచ్చి కడుపు మండుతుంది.

థియేటర్ దగ్గర ఊళ్లకు ఊళ్లు దిగాయి. పెట్టెలు గేటు దాటగానే వేసిన కేకకి చెట్ల మీద కాకులు లేచిపోయాయి. అంత జనంలో ఎస్సై గారు వచ్చి, "ప్రెసిడెంట్ గారూ, నేల టికెట్ల లైను మీరు చూసుకోండి" అన్నారు. గారూ! అతని మొహం నేను ఇప్పటికీ మర్చిపోలేదు. ఆ తర్వాతే నిచ్చెనెక్కి పాలు పోశాడు. మా అమ్మ మాత్రం నేను ఇంటికి రాగానే, "పిల్లలకి పట్టాల్సిన పాలు అట్టబొమ్మకి పోస్తార్రా?" అని నాలుగు రోజులు అన్నం పెడుతూ తిట్టింది. ఆ మాట తప్పని నేను అనను.

కనుమ నాడు మా కోనసీమలో జగ్గన్నతోట ప్రభల తీర్థం చూశారా? ప్రభ అంటే వెదురుతో కట్టి రంగు గుడ్డలతో అలంకరించిన ఎత్తయిన చట్రం, దాని మీద దేవుణ్ని ఊరేగిస్తారు. పదకొండు ఊళ్ల ఏకాదశ రుద్రుల ప్రభల్ని కుర్రాళ్లు భుజాల మీద మోసుకుంటూ వస్తారు, కొన్నింటిని కౌశిక ఏరు దాటిస్తారు, పచ్చటి చేలో నుంచి తీసుకెళ్తారు. చేను తొక్కారని రైతు బాధపడడు. ఆ భుజాలే కటౌట్‌నీ ఎత్తుతాయి. మా కోనసీమ కుర్రాడికి అందరితో కలిసి బరువైనదేదో ఎత్తడం కావాలి. తీర్థం ఏడాదికి ఒకసారే వస్తుంది, సినిమాలు నాలుగైదు వస్తాయి.

గుడ్డి భక్తి అంటారు గానీ, 2009లో చిరంజీవి గారు పాలకొల్లులో, సొంత గడ్డ మీద, ఓడిపోయి తిరుపతిలో గెలిచారు. 2019లో పవన్ కల్యాణ్ గారు భీమవరంలో ఓడిపోయారు. ఈలలు వేసిన ఊళ్లే ఇవి. పాలు పోసినవాడు ఓటు దగ్గర తన లెక్క తను చూసుకున్నాడు. దేవుడైతే అలా చేస్తారా?

నాకు కోపం వచ్చేది వేరే వాటి మీద. ఇప్పుడు ఫ్లెక్సీలో డబ్బిచ్చినవాడి మొహం హీరో మొహం కంటే పెద్దగా ఉంటుంది. ఫోన్లో సీటు కొనుక్కుని ఒక్కడే వచ్చి ఒక్కడే పోతున్నాడు, ఇంటికెళ్లి అవతలి హీరో అభిమాని తల్లిని బూతులు తిడుతున్నాడు. 2025 జనవరిలో రాజమండ్రిలో సినిమా ఫంక్షన్ చూసి బైకు మీద తిరిగొస్తూ ఇద్దరు కుర్రాళ్లు చనిపోయారు. ఆ వార్త చదివాక నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదు. ఇలాంటి ఫంక్షన్లు పెట్టినప్పుడు పిల్లలు ఇల్లు చేరేదాకా బస్సులు కూడా పెట్టాలి. పెట్టలేకపోతే ఫంక్షన్ మానేయాలి.

1998లో చిరంజీవి గారు బ్లడ్ బ్యాంక్ పెట్టాక మా సంఘం కూడా రక్తదానంలోకి దిగింది. ఎవరిది ఏ గ్రూపో ప్రెసిడెంట్ సైకిల్ షాపు గోడ మీద సుద్దముక్కతో రాసి ఉంచేవాడు. 2004లో రాజమండ్రిలో మా అమ్మకి ఆపరేషన్. రాత్రికి రాత్రి రక్తం కావాలన్నారు. బంధువులకు ఫోన్ చేస్తే తెల్లారాక చూద్దామన్నారు. ప్రెసిడెంట్‌కి చేశాను. నలుగురిని వెంటేసుకుని పాల వ్యాన్ ఎక్కి తెల్లవారకుండానే ఆస్పత్రి మెట్ల మీద ఉన్నాడు.

ఆ తర్వాత అమ్మ ఉన్నన్నాళ్లూ, ప్రతి సంక్రాంతికీ ఆ సైకిల్ షాపుకి మా ఇంటి నుంచి ఒక డబ్బాడు అరిసెలు వెళ్లేవి. ఇచ్చి రమ్మని నాతో చెప్పేటప్పుడు అమ్మ కూడా "ప్రెసిడెంట్ గారికి" అనే అనేది.