చదును చేసిన మంచువాలుకు ఎలాంటి స్కీలు?

ప్రశ్న: నా ఎత్తు 172 సెంటీమీటర్లు, బరువు 74 కిలోలు. చలికాలంలో ఉత్తరాఖండ్‌లోని ఔలీకి, వీలు చిక్కినప్పుడు ఆల్ప్స్‌కు వెళ్లి స్కీయింగ్ చేస్తుంటాను. యంత్రంతో చదును చేసిన వాలు మీద వేగంగా, స్కీ అంచుతో మంచును కోస్తూ మలుపులు తిరగడమే నాకు ఇష్టం. పొద్దున్నే మంచు గట్టిగా ఉన్నప్పుడు అద్దె స్కీల ముందు భాగం దడదడలాడుతోంది. సొంత జత కొందామంటే ‘రేస్’ అని రాసినవే ఊరిస్తున్నాయి. వాటినే తీసుకోవచ్చా? ఆ జత గుల్మార్గ్‌కూ పనికొస్తుందా?
- ఒక పాఠకుడు, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: రెండో ప్రశ్నతో మొదలుపెడితే, పనికిరాదు. గుల్మార్గ్ పై వాలుల్లోని లోతైన మెత్తని మంచులో తేలాలంటే నడుము, అంటే స్కీ మధ్యలోని సన్నని భాగం, దగ్గర 100 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వెడల్పున్న స్కీలు కావాలి. మీ ఇష్టానికి సరిపడేవి 66 నుంచి 75 మధ్య ఉంటాయి. నడుము సన్నగా ఉంటే ఒక అంచు మీంచి రెండో అంచుకు త్వరగా మారవచ్చు, గట్టి మంచు మీద మోకాలిపై భారమూ తగ్గుతుంది. రెండింటికీ సరిపోతుందని 88 కొంటే మీకు నచ్చిన పనిలోనే అది వెనకబడుతుంది. గుల్మార్గ్‌కు వెళ్లినప్పుడు అద్దెకు తీసుకోవడమే మేలు.

ఇక ‘రేస్’ సంగతి. అంతర్జాతీయ స్కీ, స్నోబోర్డ్ సమాఖ్య నిబంధనల ప్రకారం పురుషుల జెయింట్ స్లాలమ్ (గేట్ల మధ్య మలుపులు తిరుగుతూ దిగే పందెం) స్కీ మలుపు వ్యాసార్ధం, అంటే అంచు మీద వాల్చినప్పుడు అది సహజంగా గీసే వంపు వ్యాసార్ధం, కనీసం 30 మీటర్లు ఉండాలి. దుకాణంలో అదే పేరుతో దొరికే 18 మీటర్ల స్కీ దానికి దూరపు చుట్టమే. కాబట్టి పైన రాసిన పేరును వదిలేసి వ్యాసార్ధం అంకె చూడండి. 12, 13 మీటర్లయితే పొట్టి మలుపులకు చురుకుగా ఉంటుంది కానీ, వేగం పెరిగాక నిలకడ తగ్గుతుంది; 17 దాటితే విశాలమైన, ఖాళీ వాలు కావాలి. ఔలీ, ఆల్ప్స్ రెండూ తిరిగే మీకు 14 నుంచి 16 మీటర్ల వ్యాసార్ధం, 168 నుంచి 172 సెంటీమీటర్ల పొడవు నప్పుతాయని నా అభిప్రాయం.

ఆ దడదడ తగ్గాలంటే చెక్క గర్భానికి పైనా కిందా టిటానల్ అనే అల్యూమినియం మిశ్రలోహపు రేకులున్న నిర్మాణం చూడండి. రేకులు కంపనాన్ని అణచి, స్కీ మెలిపడకుండా పట్టి ఉంచుతాయి. అయితే తప్పంతా స్కీదేనని తేల్చేముందు, అద్దె జత ఉక్కు అంచుకు అడ్డంగా బొటనవేలి గోరును మెల్లగా లాగి చూడండి. గోటి మీంచి సన్నని పొట్టు లేవకపోతే అంచు మొద్దుబారినట్టే. అటువంటి అంచుతో ఎంత ఖరీదైన స్కీ అయినా గట్టి మంచు మీద జారుతుంది. బూటులో మడమ పైకి లేస్తున్నా అంతే, ముందు బూటు మార్చండి.

బైండింగ్‌ల (బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపుల) విడుదల అంకెను, అంటే పడినప్పుడు ఎంత బలానికి బూటును వదలాలో చెప్పే అమరికను, మీ బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు అట్ట పొడవు, నైపుణ్యాన్ని బట్టి సాంకేతిక నిపుణుడి చేతే పెట్టించండి. బూటుకు గ్రిప్‌వాక్ (నడవడానికి వీలుగా వంపు తిరిగిన) అడుగు అట్ట ఉంటే బైండింగ్ దానికి సరిపోతుందో లేదో కొనేముందే అడగండి. ఇంటికి తెచ్చాక అంచులను పొడిగా తుడిచి, అడుగు భాగంతో పాటు అంచుల మీదా మైనం మందంగా పూసి గీకకుండా వదిలేయండి. మన వానాకాలపు తేమకు అంచులు తుప్పు పట్టకుండా అదే కాపాడుతుంది.