హరికేన్ వస్తోంది... ఊరికి డబ్బు పంపాలా, ఆపాలా?

ప్రశ్న: మేం ఫ్లోరిడాలో టాంపా దగ్గర ఉంటాం. రెండేళ్ల కిందట ఇల్లు కొన్నాం. మావారిది హెచ్-1బి, నాది హెచ్-4. బాబు ఇక్కడే పుట్టాడు. గల్ఫ్‌లో హరికేన్ బలపడుతోందని, నాలుగైదు రోజుల్లో మా వైపు రావచ్చని చెబుతున్నారు. మాది ఎవాక్యుయేషన్ జోన్ బి, అంటే ఉప్పెన ముప్పు ఉంటే ఖాళీ చేయమనే ప్రాంతం. సేవింగ్స్‌లో 11 వేల డాలర్లు ఉన్నాయి. ఊళ్లో కొన్న ప్లాటు వాయిదాకి అందులోంచి 5 వేలు ఈ వారమే నాన్నగారికి పంపాలి. హోమ్ ఇన్సూరెన్స్ ఉంది కానీ ఫ్లడ్ ఇన్సూరెన్స్ లేదు. ఇప్పుడు తీసుకోవచ్చా? హోటల్ ఖర్చు దండగ, ఇంట్లోనే ఉందామని మావారు అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ప్లాటు సంగతి తేల్చేద్దాం. ఆ 5 వేలు ఇప్పుడు పంపకండి. నాన్నగారికి ఇవాళే ఫోన్ చేసి పరిస్థితి చెప్పండి, ఒక నెల గడువు అడగమనండి. ఆలస్యానికి వడ్డీ వేస్తే కట్టేయండి, నష్టమేం లేదు. ఈ వారం మీకు చేతిలో ఉన్న డాలరే దిక్కు. ఎందుకంటే మీకు పాలసీ ఉన్నా, ఇంటి నష్టంలో మొదటి వాటా మీరే భరించాలి.

మీ హోమ్ ఇన్సూరెన్స్ పాలసీలో డిక్లరేషన్స్ పేజీ (పాలసీ వివరాల సారాంశం) తీసి చూడండి. డిడక్టబుల్, అంటే మీరు భరించాల్సిన ఆ మొదటి వాటా, రెండు చోట్ల ఉంటుంది. మామూలు నష్టాలకు ఉన్న డిడక్టబుల్‌ని చూసి చాలామంది ధైర్యంగా ఉంటారు. హరికేన్ డిడక్టబుల్ వేరు. అది ఎక్కువగా ఇంటికి చేసిన బీమా మొత్తంలో శాతంగా ఉంటుంది. ఫ్లోరిడాలో 2 శాతం తరచుగా కనిపిస్తుంది, 5, 10 శాతాలు కూడా ఉంటాయి. మీ ఇంటికి 4 లక్షల 20 వేల డాలర్లకు బీమా ఉందనుకోండి. 2 శాతం అంటే 8,400 డాలర్లు. రూఫ్ బాగుకి 12 వేలు అయితే కంపెనీ ఇచ్చేది 3,600 మాత్రమే. మీ 11 వేలలో 5 వేలు ఊరికి పంపేస్తే రూఫ్ పని క్రెడిట్ కార్డు మీద పడుతుంది.

ఫ్లోరిడాలో ఒక మంచి నియమం ఉంది. ఒకే కంపెనీ దగ్గర ఉన్నంతవరకు, ఒక క్యాలెండర్ సంవత్సరంలో హరికేన్ డిడక్టబుల్ పూర్తిగా ఒక్కసారే భరించాలి. 2024లో హెలీన్, మిల్టన్ హరికేన్లు రెండు వారాల తేడాతో విరుచుకుపడ్డప్పుడు దీని విలువ తెలిసింది. కాబట్టి నష్టం చిన్నదైనా, డిడక్టబుల్ దాటకపోయినా కంపెనీకి చెప్పి రసీదులు దాచండి. ఆ ఏడాదే ఇంకోటి వస్తే అవి లెక్కలోకి వస్తాయి.

ఇక ఫ్లడ్ ఇన్సూరెన్స్. ఈ తుఫానుకు అది పనికిరాదు. ప్రభుత్వ ఫ్లడ్ పాలసీ ఇవాళ కొంటే సాధారణంగా 30 రోజుల తర్వాతే అమల్లోకి వస్తుంది. ప్రైవేటు కంపెనీలు కూడా తుఫాను దగ్గరపడితే కొత్త పాలసీలు ఆపేస్తాయి. ఉన్న హోమ్ పాలసీలో మార్పులు చేయడం, కారుకి కాంప్రహెన్సివ్ (వరద, తుఫాను వంటి నష్టాలకు బీమా) చేర్చడం కూడా ఆగిపోతాయి. అందుకని పాలసీ కోసం ఏజెంట్ల చుట్టూ తిరుగుతూ ఈ నాలుగు రోజులు పోగొట్టుకోకండి. గాలికి పైకప్పు లేచి వాన లోపల పడితే హోమ్ పాలసీ చూసుకుంటుంది. నేల మీదుగా పొంగి వచ్చిన నీళ్లయితే చూసుకోదు. ఇది ఒక్కటి మీవారికి గట్టిగా చెప్పండి. తుఫాను వెళ్లాక మాత్రం ఫ్లడ్ పాలసీ తప్పకుండా తీసుకోండి. సీజన్ నవంబర్ 30 దాకా ఉంటుంది.

ఇంట్లోనే ఉందామన్న మాట దగ్గర నేను ఖర్చు లెక్క వేయను. జోన్ బికి ఖాళీ చేయమని చెప్పగానే బయలుదేరండి. హెలీన్ కేంద్రం టాంపా బేకి వంద మైళ్లకు పైగా దూరంలోనే వెళ్లింది. అయినా ఉప్పెన నీళ్లు అక్కడ వేల ఇళ్లలోకి వచ్చాయి. కేటగిరీ నంబరు గాలి వేగాన్నే చెబుతుంది, నీటి సంగతి చెప్పదు. ఖర్చు విషయానికొస్తే, వందల మైళ్లు పోనక్కర్లేదు. ఉప్పెన జోన్లు దాటి లోపలికి కొన్ని పదుల మైళ్లు వెళ్లినా చాలు. ఆ వైపు గట్టి ఇంట్లో ఉండే స్నేహితులు ఉంటే మొహమాటపడకుండా ఇప్పుడే అడగండి. హోటల్ అయితే క్యాన్సిల్ చేసుకునే వీలున్న గది ఇవాళే బుక్ చేయండి. రెండు కార్లుంటే రెండూ తీసుకుపోండి. కాంప్రహెన్సివ్ ఉంటేనే మునిగిన కారుకి డబ్బు వస్తుంది.

చేతిలో ఓ 600 డాలర్లు నోట్లుగా ఉంచుకోండి, ఎక్కువగా ఐదులు, పదులు, ఇరవైలు. కరెంటు పోతే ఏటీఎం, కార్డు మెషీన్ పనిచేయవు. వంద నోటుకి చిల్లర ఇచ్చేవాళ్లు దొరకరు. మిగతాది సేవింగ్స్‌లోనే ఉండనివ్వండి. 401-కె (ఉద్యోగం ద్వారా దాచే రిటైర్మెంట్ సొమ్ము) ఊసు ఇప్పుడు వద్దు. ఫెడరల్ ప్రభుత్వం విపత్తుగా ప్రకటించి, మీ ప్లాన్ ఒప్పుకుంటే 10 శాతం పెనాల్టీ లేకుండా 22 వేల డాలర్ల దాకా తీసుకోవచ్చు. మూడేళ్లలో తిరిగి కట్టేయొచ్చు కూడా. అది అన్ని దారులూ మూసుకుపోయినప్పటి మాట.

ఈ రాత్రి ఒక గంట కేటాయించి ఫోన్‌లో ఇల్లంతా వీడియో తీయండి. బీరువా తలుపులు, డ్రాయర్లు తెరిచి, పట్టుచీరల దొంతర కనబడేలా, ఫ్రిజ్ లోపలి స్టిక్కర్ మీద మోడల్ నంబరు చదివేలా తీయండి. పైకప్పు, ఫెన్సు, గ్యారేజీ కూడా. తర్వాత దాన్ని క్లౌడ్‌లోకి ఎక్కించండి. క్లెయిమ్ రోజున ఇంట్లో ఏమున్నాయో గుర్తుతెచ్చుకుని రాయడం ఎంత నరకమో నా క్లయింట్లలో చూశాను. బంగారం మీతోనే ఉండాలి. బ్యాంకు డిపాజిట్లకు ఉండే ఎఫ్‌డీఐసీ బీమా లాకర్లో వస్తువులకు వర్తించదు. పాస్‌పోర్టులు, ఐ-797లు (వీసా హోదా ఆమోద పత్రాలు), బాబు బర్త్ సర్టిఫికెట్ వాటర్‌ప్రూఫ్ సంచిలో పెట్టండి.

బాబు సర్టిఫికెట్ ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. హెచ్-1బి, హెచ్-4 వాళ్లకు ఫెమా (ఫెడరల్ విపత్తు సహాయ సంస్థ) నగదు సాయం సొంతంగా రాదు. కానీ ఇంట్లో అమెరికా పౌరసత్వం ఉన్న మైనర్ బిడ్డ ఉంటే, ఆ బిడ్డ తరఫున తల్లో తండ్రో దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఈ సంగతి తెలియక మనవాళ్లు చాలామంది ప్రయత్నించరు. దాన్ని ఆధారం చేసుకుని లెక్కలు వేసుకోకండి, ఆ సాయం ఇల్లు తిరిగి కట్టేంత ఉండదు.

తిరిగొచ్చాక నష్టం ఉంటే శుభ్రం చేయకముందే ఫొటోలు తీయండి, ఆ రోజే క్లెయిమ్ నంబరు తీసుకోండి. కారే చోట టార్పాలిన్ కప్పించి రసీదు దాచండి, నష్టం పెరగకుండా చూసుకోవాల్సిన బాధ్యత పాలసీదారుదే. తలుపు తట్టి 'మొత్తం మేమే చూసుకుంటాం, ఇక్కడ సంతకం పెట్టండి' అనే కాంట్రాక్టర్‌కి అడ్వాన్సు ఇవ్వకండి. లైసెన్స్ నంబరు అడిగి, రాష్ట్ర వెబ్‌సైట్‌లో చూసుకున్నాకే మాట్లాడండి.