చాప్లిన్‌ని నాలుగో పేరాలో రానీ

అమ్మాయీ,

నీ వ్యాసం చదివాను. మూకీల నాటి హాస్యనటి, దర్శకురాలు మాబెల్ నార్మండ్ మీద రాస్తానని కూర్చుని మొదటి పేరా మొత్తం చాప్లిన్‌కి ధారపోశావు. ఆయన పేరు ముందు పెడితే తప్ప జనం చదవరని భయమా?

1914లో కీస్టోన్ స్టూడియో వాళ్లకి మాబెల్ దర్శకత్వంలో ‘మాబెల్ ఎట్ ది వీల్’ తీస్తుంటే ఆమెకీ చాప్లిన్‌కీ పడలేదని రాశావు. నిజమే. కానీ ఆ గొడవ మనకి చెప్పిందెవరు? చాప్లిన్, తన ఆత్మకథలో. ఆ పుస్తకం వచ్చింది 1964లో, మాబెల్ పోయింది 1930లో. ఇక జవాబు చెప్పేదెవరు? సరే, ఆయన చెప్పిందే ఇంకోసారి చదువు. రోడ్డు మీద నీళ్ల గొట్టాన్ని తొక్కి నిలబడతాను, ధార ఆగిపోతే గొట్టంలోకి తొంగి చూస్తాను, కాలు తియ్యగానే నీళ్లు మొహాన కొడతాయి అన్నాడు. అంత టైము లేదంది మాబెల్. ఆయన అలిగి కూర్చున్నాడు. ఆ జోకు 1895లోనే, సినిమా పుట్టిన కొత్తలో, ఫ్రాన్సులో లూమియేర్ సోదరులు ఒక తోటమాలినీ ఒక కొంటె కుర్రాణ్ణీ పెట్టి తీసేశారు. అప్పటికే పందొమ్మిదేళ్ల పాత సరుకన్నమాట. నా ఓటు డైరెక్టరుకే. నువ్వు చాప్లిన్ పక్షమే అనుకో, తప్పేం లేదు. ఎందుకో మాత్రం రాయాలి కదా.

ఇక ఫ్రాన్సు ఆవిడ ఆలిస్ గీ. పేరాకో ‘తొలి మహిళా దర్శకురాలు’ దండ వేశావు గానీ, ఆవిడ ఎలా నవ్వించిందో ఒక్క ముక్క లేదు. 1906-07 నాటి వేవిళ్ల కోరికల సినిమా ఉంది, నిడివి నాలుగైదు నిమిషాలే. కడుపుతో ఉన్న ఇల్లాలు వీధిలో ఓ పసివాడి లాలీపాప్ లాక్కుంటుంది. తర్వాత ఒకాయన మందు గ్లాసు, ఇంకొకడి చేప, మరొకడి పైపు. పిల్లబండి తోసుకుంటూ మొగుడు వెనకాలే అవస్థ పడుతుంటాడు. లాక్కునేటప్పుడు దూరంగా ఉన్న కెమెరా, ఆమె చప్పరించేటప్పుడు దగ్గరికొచ్చేస్తుంది. అప్పుడు వీధీ లేదు, మొగుడూ లేడు. తెర నిండా ఆమె, సిగ్గూ శరమూ లేని ఆ తృప్తి. నవ్వంతా ఆ రెండు షాట్ల మధ్యే పుడుతుంది. రాయాల్సింది అదీ.

అమెరికా వెళ్లాక, 1913లో తీసిన ‘ఎ హౌస్ డివైడెడ్’ కూడా చూడు. ఒకరినొకరు అనుమానించిన మొగుడూ పెళ్లాలు లాయరు దగ్గర ఒప్పందం రాసుకుంటారు: ఒకే ఇంట్లో ఉండాలి, మాటలుండకూడదు, ఏం చెప్పినా చీటీ మీదే. అసలే మూకీ, అందులో మూగనోము! మామూలుగా మాటలు రాసి తెర మీద చూపించే టైటిల్ కార్డు చెయ్యాల్సిన పని వాళ్ల చేతుల్లో చీటీలే చేసేస్తాయి. ఇంత చిలిపి ఆలోచన చేసిన మనిషిని ‘అణచివేతకు గురైన ప్రతిభ’ అని ఒక్క వాక్యంలో పాతిపెట్టేశావేమిటి? స్టూడియోలో సహజంగా నటించమని ఆవిడ పెట్టించిన బోర్డు గురించి అందరూ రాస్తారు, నువ్వు వదిలెయ్.

ఇద్దర్నీ ఒకే వ్యాసంలో కుక్కకు. ముందు మాబెల్‌ది తిరగరాయి. ‘మాబెల్స్ స్ట్రేంజ్ ప్రెడికమెంట్’లో ఆమె పైజామాతో హోటల్ గది బయట ఇరుక్కుపోయే సీను పెట్టుకుని, ఎవరు ఎటు నుంచి వస్తున్నారో, ఏ తలుపు ఎప్పుడు తెరుచుకుంటోందో రాసుకుని, అక్కణ్ణుంచి మొదలుపెట్టు. చాప్లిన్ ఎలాగూ వస్తాడు, ఆయనకి పేరు తెచ్చిన ఆ ట్రాంప్ (దేశదిమ్మరి) వేషం మొదట కెమెరా ముందుకొచ్చింది ఆ షూటింగ్‌లోనే. నాలుగో పేరాలో రానీ.