టీ అక్షరాన్ని థూ అనాలా, ఛా అనాలా?

ప్రశ్న: సార్, మాది కావలి. మా బాబాయికి ఇక్కడ టీ అంగడి ఉంది. మొన్న మా పిల్లోడు ఫోన్‌లో చూసి చెప్పాడు, టీకి వాడే చైనా అక్షరానికి పాత డిక్షనరీలో "చేదు మొక్క" అని అర్థం, "థూ" అని పలుకు ఇచ్చారంట, అది క్రీ.శ. 100 నాటి డిక్షనరీ అంట. ఇప్పుడేమో వాళ్లు ఛా అంటారు గదా, మరి అప్పుడు థూ అనేవాళ్లా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: మీవాడు చూసింది టీ అక్షరం కాదండీ, దాని అన్న. రెంటికీ పైన గడ్డి గుర్తే, పాతదాంట్లో కింద ఒక అడ్డగీత ఎక్కువుంటది అంతే. మన థలో చుక్క మర్చిపోతే ధ అయినట్టు. చైనాని టాంగ్ రాజులు ఏలిన కాలంలో (7–10 శతాబ్దాలు) ఆ గీత తీసేసి టీకి వేరే అక్షరం చేసుకున్నారు.

ఇక పలుకు దగ్గరే అందరూ పప్పులో కాలేసేది. ఆ డిక్షనరీ షువోవెన్ జియెజి, రాసింది షు షెన్. చేదు మొక్క అన్నది ఆయన మాటే. పలుకు మాత్రం 986లో షు ష్వాన్ అనే ఆయన ఆ పుస్తకాన్ని సరిచేస్తా చేర్చింది, ఇదే ఇప్పటి టీ అక్షరం అని కూడా ఆయనే రాశాడు. తాత కట్టిన ఇంటికి మనవడేసిన సున్నం చూసి తాత కాలం రంగు ఇదే అంటే ఎట్టా?

వాళ్లకి గుణింతం లేదు గదా, అందుకని రెండక్షరాలు పక్కపక్కన రాసి మొదటిదాంట్లో హల్లు, రెండోదాంట్లో అచ్చు తీసుకోమనేవాళ్లు, దీని పేరు ఫాన్‌చియె. మనమైతే "చా" కోసం చే, పా అని రాస్తాం, చేలో చ్, పాలో ఆ (నెల్లూరోళ్లకి చేపల పులుసు గుర్తొస్తే నా పూచీ లేదు). ఆ అక్షరానికిచ్చిన జంట ఈనాటి పలుకులో థుంగ్, డూ. కలిపితే థూ. చేదాకుకి భలే అతికింది గానీ అది మన చెవి చేసే తమాషానే.

ఛా అయిన పలుకు 1008 నాటి గ్వాంగ్‌యున్ డిక్షనరీలో ఉంది. చైనా ఆగ్నేయ తీరాన ఉన్న ఫుజియన్ రేవుల వైపు మటుకు పాత హల్లు పోలేదు, అక్కడ "టే" అంటారు, అదే డచ్చి ఓడలెక్కి యూరప్ పోయి ఇంగ్లీషోళ్ల నోట మనకి టీ అయింది. చాయ్ పర్షియా మీదగా వచ్చింది. అంటే మీ బాబాయి బోర్డు మీద "టీ" అనుంటే, చైనా రాజధానిలో కూడా ఈ మాటలో ఇప్పుడు వినపడని హల్లు మీ అంగడి ముందర వేలాడతా ఉంది.