స్టాప్ జరిపే ముందు ఒక వారం అక్కడ నిలబడు

బెంగళూరు

చి.ల.సౌ. అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

మీ గేటు ఎదుటి బస్ స్టాప్‌ను సిగ్నల్ దాటాక పెట్టించాలని మీ అపార్ట్‌మెంట్ వాళ్లు, కదపొద్దని వెనక వీధివాళ్లు పట్టుబట్టారట. సెక్రటరీవి కాబట్టి నీకు నిద్ర పట్టడం లేదని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది.

మీవాళ్ల మాటలో న్యాయం లేకపోలేదు. స్టాప్ సిగ్నల్‌కు ముందుంటే బస్సు జనం కోసం ఒకసారి, ఎర్ర లైటుకు మరోసారి ఆగుతుంది. ఎడమకు తిరిగే బళ్లన్నీ దాని వెనకే ఇరుక్కుంటాయి. సిగ్నల్ దాటాక ఆగితే ఆ బాధ తగ్గుతుంది. అయితే అక్కడ ఫుట్‌పాత్ ఉందా? దీపం వెలుగుతుందా? రోడ్డు దాటడానికి జీబ్రా గీతలున్నాయా? ఇవేవీ లేకుండా స్టాప్ ఒక్కటే జరిపితే ప్రమాదం కొనితెచ్చుకున్నట్టే.

పదిహేనేళ్ల కిందట మా వీధిలో స్టాప్ జరపమని పెట్టిన అర్జీలో మొదటి సంతకం నాదే. జరిపారు. తెల్లవారుజామున మార్కెట్ నుంచి పూలబుట్టతో దిగే ఒక ముసలామె ఆ తర్వాత రోజూ డివైడర్ ఎక్కి దిగాల్సి వచ్చింది. ఆమెను ముందుగా ఒక్క మాట అడగలేదే అన్న బాధ నాకింకా ఉంది.

అందుకే చెప్తున్నాను, ఎవరికీ మాటివ్వకముందే ఒక వారం పొద్దున, సాయంత్రం ఆ స్టాప్‌లో నిలబడు. ఎంతమంది ఎక్కారు, దిగారు, దిగి ఎటు నడిచారు, అన్నీ రాసుకో. మీ మీటింగ్ ఆదివారం పదింటికి పెడతారు. ఆ బస్సులో వచ్చే ఆడవాళ్లు అప్పుడు మీ ఇళ్లలోనే అంట్లు తోముతుంటారు, వాళ్లు మీటింగ్‌కు ఎలా వస్తారమ్మా? 2023 జూన్ 11 నుంచి, కర్ణాటక ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణం ఇచ్చే శక్తి పథకంలో వాళ్లకు టికెట్ డబ్బులు మిగులుతున్నాయి. ఇప్పుడు చీకట్లో అర కిలోమీటరు నడిపిస్తే ఆ మేలు ఏం మిగిలినట్టు? వాళ్లను స్టాప్‌లోనే అడుగు. కండక్టర్లనూ అడుగు, వాళ్లకు తెలియనిది లేదు.

అర్జీ కన్నడంలో రాయించు. బస్సులు బీఎంటీసీవి, రద్దీ చూసేది ట్రాఫిక్ పోలీసులు, ఫుట్‌పాత్ కార్పొరేషన్‌ది. మూడు చోట్లా ఇచ్చి, రసీదు తీసుకో. స్టాప్ చోటు నిర్ణయించే ముందు కార్పొరేషన్‌ను కూడా సంప్రదించమని అడగాలి. ఆ సంగతి అర్జీలో రాయి. నీ లెక్కల కాగితం జతచెయ్యి. వెనక వీధివాళ్ల సంతకాలు కూడా అదే అర్జీలో ఉంటే ఇంకా మంచిది. మొదట ఫుట్‌పాత్, దీపం, జీబ్రా గీతలు, ఆ తర్వాతే స్టాప్ అని వరుస స్పష్టంగా ఉండాలి.

మంగళవారం నేనూ వస్తాను. తెల్లవారి అయిదున్నరకు స్టాప్ దగ్గరుంటాను. నోట్‌బుక్ నువ్వు తెచ్చుకో, ఫ్లాస్కులో కాఫీ మీ పెద్దమ్మ పంపుతుంది.

మీ పెదనాన్న