మాస్టారి చెప్పుల కింద మట్టి

అమ్మాయికి,

ఆశీస్సులు. నీ నవల అంది మూడు వారాలైంది. చదవడం రెండు రాత్రుల్లో అయిపోయింది. మిగతా రోజులన్నీ కోపం తగ్గడానికి పట్టాయి. తొమ్మిదో అధ్యాయంలో అంత మంచి పేజీ రాసిన మనిషి ముప్పై రెండో అధ్యాయంలో ఆ అద్దం సీను ఎలా రాసిందా అని కోపం.

ముందు ఆ పేజీ సంగతి. లెక్కల మాస్టారు తెల్లవారుజామున లేస్తాడు. గుమ్మం పక్కన తన చెప్పులు. అడుగున ఎర్రమట్టి, ఇంకా తడి ఆరలేదు. రాత్రంతా ఇంట్లోనే పడుకున్నాననే ఆయన అనుకుంటున్నాడు. చీపురు పుల్ల విరిచి, చెప్పుల గాడుల్లోంచి మట్టి గీకి, పాత పేపరు మీద రాల్చి, పొట్లం కట్టి చొక్కా జేబులో పెట్టుకుంటాడు. కూతురు లేచేలోపు అంతా అయిపోతుంది. ఆయన ఆశ్చర్యపోలేదని ఒక్క ముక్క రాశావు. అక్కడ నేను చదవడం ఆపి కాసేపు ఊరికే కూర్చున్నాను. అంటే ఇది మొదటిసారి కాదన్నమాట. ఎన్ని పొద్దుల నుంచి చేస్తున్నాడో ఈ పని! తన రాత్రి ఎలా గడిచిందో తనకే తెలియదు, తెలుసుకునే ధైర్యమూ లేదు.

ఆ పేజీని అక్కడే వదిలేశావు. తర్వాత ఇరవై రెండు అధ్యాయాల పాటు నేరాల ముఠా నడిపే 'పెద్దాయన' ఎవరు, ఎవరు అని ఊరించి, చివర్లో మాస్టారే పెద్దాయన అని అద్దం ముందు నిలబెట్టావు. అద్దంలో వాడు నవ్వుతాడు, బయటవాడు ఏడుస్తాడు. అమ్మా, చెప్పుల మట్టి చూసినవాడికి పదో అధ్యాయంలోనే సంగతి అర్థమైపోతుంది. పాఠకుడికి తెలిసిపోయిన దాన్ని పాఠకుడి దగ్గరే దాచుతూ కూర్చున్నావు.

ఇంకో పెద్ద చిక్కుంది. మాస్టారిది నాటకమా, జబ్బా? నువ్వే తేల్చుకోలేదు. పదిహేనో అధ్యాయంలో పెద్దాయన తన ముఠాకి బడి టైమ్‌టేబుల్ చూసుకుని పని పురమాయిస్తాడు. అంటే రెండు బతుకులూ ఆయనకి గుర్తున్నాయి. ముప్పై ఒకటికి వచ్చేసరికి మాస్టారికి ఏమీ తెలియదంటావు.

రెండు బతుకులు బతకడం వేరు. స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో విలియం బ్రోడీ అని ఒకాయన ఉండేవాడు. పగలు వడ్రంగుల సంఘం పెద్ద, నగర సభలో సభ్యుడు. పనికి వెళ్లిన ఇళ్ల తాళంచెవులకి మైనంతో అచ్చులు తీసుకుని రాత్రుళ్లు దొంగతనాలకి వెళ్లేవాడు. 1788లో ఉరి తీశారు. ఆయన మనసు చీలిపోలేదు. పగలు ఎవరింటి అచ్చు తీశాడో రాత్రికి బాగానే గుర్తుండేది.

నీ పెద్దాయనలాగే కంటికి కనపడకుండా ముఠా నడిపినవాళ్ల సంగతి చూడు. న్యూయార్క్‌లో జెనొవీస్ ముఠా నాయకుడు విన్సెంట్ జిగాంటే పైజమా మీద బాత్‌రోబ్ తొడుక్కుని, తనలో తాను గొణుక్కుంటూ వీధుల్లో తిరిగేవాడు. మతి లేదని డాక్టర్లు కోర్టుల్లో సాక్ష్యం చెప్పారు. ముఠాలో ఎవరూ ఆయన పేరు పైకి అనకూడదు, అవసరమైతే గడ్డం ముట్టుకుని చూపించాలి. 1997లో శిక్ష పడింది. అంతా నటనేనని 2003లో ఆయనే ఒప్పుకున్నాడు. దాదాపు 30 ఏళ్ల నటన! వాన పడ్డా, చలేసినా, విసుగేసినా ఆ పైజమాతో బయటికి రావాల్సిందే. రహస్యమంటే రోజూ చెయ్యాల్సిన చాకిరీ. నీ నవలలో ఆ చాకిరీ తొమ్మిదో అధ్యాయంలో తప్ప ఎక్కడా లేదు. మిగతా చోట్ల పెద్దాయన చీకట్లో కుర్చీలో కూర్చుని సిగార్ కాలుస్తుంటాడు, అంతే.

జబ్బు సంగతి వేరు. ముందు పేరు సరిచేసుకో. ముప్పై ఒకటో అధ్యాయంలో డాక్టర్ చేత 'స్కిజోఫ్రేనియా' అనిపించావు. అది పూర్తిగా వేరే జబ్బు. బ్లాయ్‌లర్ అనే డాక్టర్ 1908లో ఆ పేరు పెట్టినప్పుడు చీలిక, మనసు అనే అర్థాలున్న గ్రీకు మాటలు కలిపాడు. ఆ మాట పట్టుకుని నూరేళ్లకు పైగా కథలు రాసేవాళ్లు పొరబడుతూనే ఉన్నారు. నువ్వు అనుకుంటున్న దాన్ని ఒకప్పుడు మల్టిపుల్ పర్సనాలిటీ అనేవారు. 1994 నుంచి డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్ అంటున్నారు. చిన్నతనంలో పదే పదే జరిగిన హింసకీ దీనికీ సంబంధం ఉందని ఎక్కువమంది డాక్టర్లు చెబుతారు. ఒకరిలోంచి ఇంకొకరు బయటికి రావడం చాలాసార్లు పక్కనున్నవాళ్లకి కూడా తెలియదు. గొంతు మారి, కళ్లు ఎర్రబడి, వెనకాల ఉరుము వినపడదు. ఉండేవి ఖాళీలు. గంటలు, ఒక్కోసారి రోజులు మాయమైపోతాయి. తను కొనని వస్తువు తన సంచిలో దొరుకుతుంది. నువ్వు మట్టి పేజీ రాసినప్పుడు ఇవన్నీ చదివి రాశావో లేదో గానీ, సరిగ్గా రాశావు.

నువ్వు హిప్నాటిజంతో పది నిమిషాల్లో జబ్బు తేల్చేసిన సీను తీసెయ్. 1979లో అమెరికాలో కెన్నెత్ బియాంకీ అనే హంతకుడు హిప్నాటిజంలో ఉండగా తనలో స్టీవ్ అని ఇంకొకడున్నాడని నమ్మించాడు. మార్టిన్ ఆర్న్ అనే నిపుణుడికి అనుమానం వచ్చింది. ఈ జబ్బులో రెండే వ్యక్తిత్వాలుండటం అరుదని మాటల్లో మాటగా అతని చెవిన వేశాడు. కాసేపటికే బిల్లీ అని మూడోవాడు పుట్టుకొచ్చాడు! నాటకం బయటపడింది, చివరికి నేరం ఒప్పుకున్నాడు.

ఇప్పుడు నాకు బాగా పట్టుదల ఉన్న విషయానికి వస్తాను. నేరాల ముఠా నడిపేది తుపాకీ కాదు, జ్ఞాపకం. ఎవడికి ఎంత ఇచ్చాం, ఎవడితో ఏమన్నాం, ఎవణ్ణి ఏ అబద్ధంతో ఆపాం, ఇవన్నీ బుర్రలో ఉండాలి. పేర్లతో సహా కాగితం మీద పెడితే దొరికిపోతారు. ఇటలీలోని సిసిలీలో బెర్నార్డో ప్రొవెన్‌జానో అనే మాఫియా నాయకుడు 1963 నుంచి 43 ఏళ్లు పోలీసులకి దొరకలేదు. టైపు మిషను మీద కొట్టిన చిన్న చిన్న చీటీలతో, మనుషులకి పేర్ల బదులు నంబర్లు పెట్టి ముఠా నడిపాడు. 2006లో ఉతికిన బట్టల మూట వెంట వెళ్లి పట్టుకున్నారు. అంటే ఆ మూట ఎవరో ఉతికారు, ఎవరో మోశారు. మరి గంటలకి గంటలు మాయమైపోయే మీ మాస్టారు ముఠా ఎలా నడుపుతున్నాడు? ఆయన మర్చిపోయింది ఎవరికి గుర్తుంటోంది?

డ్రైవర్‌కి!

నీ నవల మొత్తంలో ఆ డ్రైవర్ మూడు చోట్ల కనిపిస్తాడు, పేరు కూడా లేదు. కారు తలుపు తీస్తాడు, వేస్తాడు. కానీ ఆలోచించు. ఆయన మాస్టారుగా ఎక్కి పెద్దాయనగా దిగిన రాత్రులు వాడొక్కడే చూశాడు. నిన్న రాత్రి పెద్దాయన ఎవరికి మాటిచ్చాడో ఇవాళ వాడే గుర్తు చెయ్యాలి. కారు ఎక్కిన మనిషి "బాబూ, ఎక్కడికి తీసుకెళ్తున్నావ్?" అని ఏ రోజు అడుగుతాడో అని వాడికి టెన్షన్. ఏదో ఒక రాత్రి వాడు ఒక మాట మార్చి చెబితే? అసలు ముఠా నడిపేది ఎవరు అప్పుడు? రహస్యం ఉన్నవాడి కథలు నేను చాలా చదివాను. ఇంకొకరి రహస్యం మోసేవాడి కథ నువ్వు రాయాలి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఈ తప్పు నేనూ చేశాను. నా రెండో నవల ఒక వారపత్రికలో సీరియల్‌గా వస్తున్న రోజులు. విలన్ మామూలు వడ్డీ వ్యాపారి. పద్నాలుగో వారంలో ఎడిటర్ గారు పిలిచి, పాఠకులు జారిపోతున్నారు, ట్విస్టు కావాలన్నారు. "వాడికి స్ప్లిట్ పర్సనాలిటీ పెట్టెయ్యండి, అయిపోతుంది" అన్నారు. ఉప్పు తగ్గిందన్నంత తేలిగ్గా అన్నారు. నాకు డబ్బు అవసరం, పెట్టేశాను. ఉత్తరాలు సంచుల్లో వచ్చాయి. ఎడిటర్ గారు భుజం తట్టారు. ఆయన ఆ రోజు నేర్పిన పాడు అలవాటు వదిలించుకోవడానికి నాకు పదేళ్లు పట్టింది. ఇప్పటికీ కొత్తవాళ్ల కథల్లో అదే ట్విస్టు చూస్తే ఆయన గొంతే వినపడుతుంది నాకు.

ఆ ఉత్తరాల్లో ఒకటి ఒక అక్కది. తమ్ముడికి ఆ జబ్బుందట. పక్కింటివాళ్లు నా సీరియల్ చదివి, పిల్లల్ని వాళ్లింటికి పంపడం మానేశారట. "వాడు ఎప్పుడైనా గాయపరిచింది తన చేతుల్నేనండీ" అని రాసింది. నిజం కూడా అదే, ఈ జబ్బున్నవాళ్లు ఎక్కువగా హాని చేసుకునేది తమకే. జవాబు రాయడానికి నాలుగుసార్లు కూర్చున్నాను. రాయలేకపోయాను. ఆ కార్డు నా దగ్గర ఇంకా ఉంది.

జబ్బున్న మనిషిని విలన్ చెయ్యొద్దని నేననను. కానీ మాస్టారి క్రూరత్వానికి జబ్బు కారణం కాకూడదు. ఆ ముఠా ఎందుకు పెట్టాడో, ఏ ఆశతో, ఏ కసితో పెట్టాడో మామూలు మనిషికి ఉన్నట్టే ఆయనకీ ఒక కారణం ఉండాలి. అది నీ నవలలో లేదు. కష్టమైన పని అదే, దాన్ని తప్పించుకోవడానికే ఆ అద్దం తెచ్చావని నా అనుమానం.

కలం పేరు గురించి, పబ్లిషర్ల గురించి అడిగావు. ముందు నవల కానీ.

అద్దం సీను మొత్తం కొట్టెయ్. మాస్టారే పెద్దాయన అని మొదటి యాభై పేజీల్లోపే చెప్పేసెయ్. డ్రైవర్‌కి పేరు పెట్టు. వాడి వైపు నుంచి ఒక్క రాత్రి రాసి, అదొక్కటే నాకు పంపు. ఇంకొకటి కూడా రాయి. ఆ మట్టి పొట్లం మాస్టారు చొక్కా జేబులో పెట్టుకున్నాడు. బడికి అదే చొక్కాతో వెళ్లాడు. సాయంత్రం వచ్చి చొక్కా విప్పి తలుపు వెనక తగిలించాడని కూడా రాశావు. కూతురు మర్నాడు ఆ చొక్కా ఉతకడానికి తీసుకుంటుంది కదా. జేబులు చూడకుండా నీళ్లలో వేస్తుందా?

ఇట్లు,
నీ నవల మళ్లీ చదవడానికి సిద్ధంగా ఉన్న
పెద్దవాడు